భద్రయ్యను ఎవరూ తిట్టని రోజులు

సింగపూర్ బెడోక్‌లో మా బ్లాకు కింద ఇనుప జాలీ కట్టిన చిన్న ఫుట్‌బాల్ కోర్టు ఒకటి ఉంది. ఆదివారం పొద్దున ఎవరైనా అటు వెళ్తే, గోలు వెనక జాలీ పట్టుకుని, రెండు మోకాళ్ళకూ పట్టీలు వేసుకున్న ఒక నడివయసు మనిషి కనిపిస్తాడు. లోపల ఆడేది చైనీస్ పిల్లలైనా మలయ్ పిల్లలైనా సరే, గోల్‌కీపర్ని మాత్రం ఆయన తెలుగులోనే తిడతాడు. పిల్లలకు ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఆ గొంతు వినపడగానే ఎటు పడమంటే అటు పడతారు. ఆయన పేరు భద్రయ్య. మా పై అంతస్తులో ఉంటాడు.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. మా తెలుగువాళ్ళు ఏటా వేసే సావనీరులో నగల దుకాణాల ప్రకటనలు ఉంటాయి, శాలువాలు కప్పించుకున్నవాళ్ళ ఫోటోలు ఉంటాయి, భద్రయ్య పేరు మాత్రం ఒక్కసారి కూడా పడలేదు. ఎందుకు వెయ్యరని అడిగితే, ఆయనేం చేశారండీ అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఏం చేశాడో నాకు తెలుసు కాబట్టి నేనే రాస్తున్నాను. నా పేరు భ్రమరాంబ. బ్యాంకులో ఉద్యోగం, సొంతూరు ఖమ్మం దగ్గర వైరా. ఇక్కడి ఖమ్మం ఫుట్‌బాల్ జట్టుకు చాలా ఏళ్ళు మేనేజరుగా ఉన్నాను. బంతిని కాలితో తన్నింది ఏనాడూ లేదు గానీ, ఆ కుర్రాళ్ళను అదుపులో పెట్టే గొంతు నా ఒక్కదానికే ఉందని వాళ్ళే తీసుకెళ్ళి కూర్చోబెట్టారు.

ముందు భద్రయ్య సంగతి చెప్పాలి. గోదావరి ఒడ్డున, అప్పటి ఖమ్మం జిల్లా వేలేరుపాడు మండలంలో పుట్టాడు. వాళ్ళ బడి మైదానంలో ఒక గోలు ఊరివైపు, ఇంకొకటి ఏటివైపు ఉండేదట. ఏటివైపు గోలు దాటిందంటే బంతి నీళ్ళలో పడ్డట్టే. బడికి ఉన్నది ఒక్కటే బంతి. అందుకని అటువైపు కీపరుగా నిలబడేవాడికి ఆట రాకపోయినా ఫరవాలేదు, ఈత రావాలి. భద్రయ్యకు ఈత వచ్చు. అలా ఎనిమిదో తరగతిలో నిలబెడితే ఇక అక్కడే ఉండిపోయాడు. ఎంత పక్కగా పోయే బంతి మీదనైనా దూకి పడటం ఆయనకు అప్పుడే అలవాటైంది, ఎందుకంటే ఆపకపోతే తనే ఏట్లో దిగి తేవాలి. సింగపూర్‌లో పచ్చటి టర్ఫు మీద, వెనక వల కట్టి ఉన్నా, బయటికి పోయే బంతుల కోసం అలాగే దూకేవాడు. నేరుగా చేతుల్లోకి వచ్చిన వాటిని మాత్రం అప్పుడప్పుడూ వదిలేసేవాడు. మా వాళ్ళకు మండేది అక్కడే.

పెళ్ళికి ముందే సింగపూర్ వచ్చాడు. సైన్స్ పార్క్‌లో ఒక మందుల పరిశోధన కంపెనీలో స్టోర్స్ చూసుకుంటాడు. అక్కడి శాస్త్రవేత్తలకు గాజు గొట్టాలూ చేతి తొడుగులూ అందించడం ఆయన పని. ఆఫీసులో నోట్లో నాలుక లేనట్టు ఉంటాడని చెప్తారు, నేను నమ్మను. భార్య లలితకుమారిది జంగారెడ్డిగూడెం. వాళ్ళ ఊళ్ళు రెండూ దగ్గరే, నడుమ జిల్లా గీత ఒకటి ఉంది, అంతే. ఆవిడది పశ్చిమ గోదావరి, ఈయనది ఖమ్మం. ఆవిడ తమ్ముడు గోపీకృష్ణ కూడా ఇక్కడే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తాడు. శనివారం వస్తే అక్క ఇంట్లోనే మకాం. మనిషి మంచివాడే, కానీ పశ్చిమ గోదావరి జట్టు కెప్టెన్ కావడం వల్ల నేను అతని మంచితనాన్ని ఎప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు.

ఇక కప్పు. మేం దాన్ని జిల్లాల కప్పు అనేవాళ్ళం. ఉమ్మడి రాష్ట్రంలో ఏ జిల్లావాళ్ళు ఆ జిల్లా జట్టుగా ఆడాలి, ఓడితే ఇంటికి, గెలిస్తే పై రౌండుకి. ఎవరు ఏ జిల్లా అన్న గొడవ రాకుండా మొదట్లోనే ఒక నిబంధన పెట్టుకున్నారు. తాతలది ఒక చోటు, తండ్రి ఉద్యోగం ఒక చోటు, ఇంటరు విజయవాడ, ఇంజనీరింగు హైదరాబాదు అయిన జనం మనం. అందుకని పది ఎక్కడ రాస్తే అదే నీ జిల్లా అన్నారు. మనవాళ్ళెవరికీ ఇది వివరించి చెప్పాల్సిన పనే పడలేదు. ఇంకో నిబంధన, ఒక ఏడాది కప్పులో ఒక జట్టుకు ఒక్క ఆట ఆడినా చాలు, ఆ ఏడు ఇంకో జట్టుకు ఆడటానికి లేదు. ఇది ఫుట్‌బాల్‌లో అన్నిచోట్లా ఉండేదేనని మా ఆయన చెప్పారు. ఆయన ఆడరు, ఐసు పెట్టె మోస్తారు.

మా జట్టులో మాత్రం ఎక్కడా రాయని పద్ధతి మరొకటి ఉండేది. గోలు పడగానే ముందు కీపర్ని తిట్టాలి, ఆ తర్వాతే బంతి నడిమికి పోవాలి. భద్రయ్య కంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళు కూడా భద్రన్నా భద్రన్నా అంటూనే నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళు. ఆయన అంతకు రెండింతలు అందుకునేవాడు. కింద కోర్టులో ప్రాక్టీసు జరుగుతుంటే పై అంతస్తుల చైనీస్ ముసలమ్మలు కిటికీల్లోంచి తొంగిచూసేవారు, కొట్టుకుంటున్నారేమోనని. ప్రాక్టీసుకు ముందే వచ్చి గోలు స్తంభం దగ్గర టిష్యూ ప్యాకెట్ పెట్టిపోయేవాడు భద్రయ్య, ఇక్కడి తిండి అంగళ్ళ హాకర్ సెంటర్లో టేబులు చోప్ చేసి ముందే ఆపుకున్నట్టు. నీ గోలు ఎవడికి కావాలన్నా అని ఏడిపించేవారు. నిజంగానే ఇంకెవరికీ వద్దు, తిట్లు తినే ఉద్యోగం కదా.

రెండువేల పద్నాలుగులో, అన్ని ఏళ్ళలో మొదటిసారి, ఖమ్మం ఫైనల్‌కి వచ్చింది. అవతల పశ్చిమ గోదావరి. అదే సమయంలో అక్కడ రాష్ట్రం రెండుగా విడిపోతోంది. ఇక్కడ జనం కలిసి టీ తాగడం తగ్గింది, వాట్సాప్ గ్రూపులు చీలాయి, వచ్చే ఏడు ఎవరి కప్పు వాళ్ళు పెట్టుకోవాలన్న మాట కూడా వినపడింది. కప్పు నడిపే గంగాధర్ గారిది అనంతపురం. మొదటి రౌండులోనే వాళ్ళు ఓడిపోయారు కాబట్టి ఆయనకు ఎవరి మీదా పక్షపాతం లేదు. మొదలుపెట్టిన కప్పు పూర్తి చేసి తీరాల్సిందేనని పట్టుబట్టారు.

సెమీఫైనల్ గెలిచిన వారంలోనే ఆ వార్త వచ్చింది. పోలవరం ముంపు మండలాలు ఏడింటిని తెలంగాణ నుంచి తీసి ఆంధ్రలో కలుపుతూ ఆర్డినెన్స్ వేశారు. భద్రయ్య మండలం కూడా అందులో ఉంది. అది పశ్చిమ గోదావరిలోకి పోతుందన్నారు. ఆ శనివారం అక్క ఇంట్లో భోంచేస్తూ గోపీకృష్ణ నవ్వుతూ అన్నాడట, "బావా, ఇంక నువ్వు మావోడివే. రేషన్ కార్డు మార్పించేసుకో." అందరూ నవ్వారు, భద్రయ్య కూడా. నవ్వులాటతో ఆగితే బాగుండేది. మర్నాటికి ఆ కుర్రాడి బుర్రలో ఉన్న కెప్టెన్ నిద్ర లేచాడు. గంగాధర్ గారికి ఫోన్ చేసి అభ్యంతరం చెప్పాడు. వేలేరుపాడు ఇక ఖమ్మం కాదు కాబట్టి భద్రయ్య ఖమ్మానికి ఆడకూడదు. ఈ ఏడు ఖమ్మానికి ఆడేశాడు కాబట్టి పశ్చిమ గోదావరికీ ఆడకూడదు. అంటే కీపరు మాకు లేకుండా పోవాలి, తనకు అక్కర్లేదు. ఆ తెలివికి నేను పళ్ళు నూరాను.

ఇంత చెప్పినా అసలు విషయం ఇంకా చెప్పలేదు. అభ్యంతరం నన్ను భయపెట్టిందంటే అర్థం ఉంది, మాకు ఇంకో కీపరు లేడు. భద్రయ్యను భయపెట్టింది మాత్రం అది కాదు. లిఫ్టు దగ్గర లలిత కలిసి చెప్పేదాకా నాకూ తెలియదు. కూరగాయల సంచి కింద పెట్టి, గొంతు తగ్గించి అంది.

"ఆయన్ని ఎవరూ తిట్టట్లేదు వదినా. మొన్న ప్రాక్టీసులో చేతిలోకొచ్చిన బంతి వదిలేశారంట. ఒక్కళ్ళు కూడా నోరెత్తలేదంట. పర్లేదండి, మీరు కంగారు పడకండి అన్నారంట. ఇంటికొచ్చి అన్నం తినలేదండి."

గోదావరి జిల్లా వాళ్ళు గుమ్మంలో పిల్లిని కూడా అండీ అనే పిలుస్తారు, వాళ్ళ సంగతి వేరు. మా ఖమ్మం కుర్రాళ్ళు భద్రయ్యను అండీ అన్నారంటే మాత్రం ఏదో తేడా వచ్చినట్టే. ఆ సాయంత్రమే కిందికి దిగి కోర్టులో చూశాను. నిజమే. భద్రన్న పోయి భద్రయ్య గారు వచ్చాడు. ఆయన వస్తే లేచి నిలబడుతున్నారు. మంచినీళ్ళ సీసా మూత తీసి ఇస్తున్నారు. ఒక బంతి ఆయన చంకలోంచి జారి గోలులోకి పోతే, పక్కకు తిరిగి బూటు లేసులు కట్టుకున్నారు. పెళ్ళికొచ్చిన మగపెళ్ళివారికి చేసే మర్యాద అది. మర్యాద ఎక్కువైనకొద్దీ భద్రయ్య ముఖం చిన్నబోతోంది.

ప్రాక్టీసు అయ్యాక మెట్ల మీద కూర్చుని పట్టీలు విప్పుకుంటుంటే దగ్గరికి వెళ్ళి, ఆడనిస్తారులే, నేను చూసుకుంటాను అన్నాను. ఆయన తల కూడా ఎత్తలేదు.

"ఆడనియ్యకుంటే పోయింది అక్కా. ఊరు ఏ జిల్లాల పడ్డా నేను చేసేదేముంది. ఎట్లాగూ నీళ్ళల్ల పోయే ఊరే. ఈ పోరగాండ్లకు నేను ఎవర్నో, అదొక్కటే తెల్వట్లేదు."

నేను సరాసరి నవనీత్ దగ్గరికి పోయాను. నవనీత్ మా కెప్టెన్, పరిశోధనా సంస్థలుండే వన్-నార్త్‌లో రీసెర్చి చేసే కుర్రాడు, అందరికంటే నోరు పెద్దది. ఏమిటి మీ వేషాలని కడిగేశాను. వాడు ఎదురు చెప్పలేదు, అదే నాకు ఇంకా వింతగా అనిపించింది. తిట్టబుద్ధి కావట్లేదక్కా అన్నాడు. ఊరే పోయిన మనిషి, ఇప్పుడు ఏదన్నా అంటే నువ్వు మావోడివి కాదని అన్నట్టు వినపడుతుందేమోనని భయం. అందుకని అందరూ మాట్లాడుకుని, ఫైనల్ అయ్యేదాకా ఆయన్ని గౌరవంగా చూడాలని అనుకున్నారట. పాపం, వాళ్ళది మంచి మనసే. ఆ మంచి మనసుతో మనిషిని సగం చంపుతున్నార్రా అని చెప్పాను. వాడికి ఎక్కలేదు.

అభ్యంతరం తేల్చడానికి బెడోక్ హాకర్ సెంటర్లో రెండు టేబుళ్ళు చోప్ చేసి కూర్చున్నాం. ఒకవైపు గోపీకృష్ణ, వాళ్ళవాళ్ళు. ఇటు నేను, నవనీత్, మా కుర్రాళ్ళు. చివర కుర్చీలో భద్రయ్య, ఎవరికో పని పడితే తోడొచ్చిన మనిషిలా, కాఫీ చల్లారిపోతున్నా తాగకుండా. గంగాధర్ గారు మధ్యలో. ఏడాది మొదట్లో పేరు రాయించుకున్నప్పుడు ఉన్న జిల్లానే లెక్క అని నేను వాదించాను. జిల్లా అంటే ఇవాళ ఉన్నదేనని గోపీకృష్ణ. ఆర్డినెన్స్ అంటే చట్టమా కాదా అని ఒకరు, పార్లమెంటు ఇంకా ఒప్పుకోలేదుగా అని ఇంకొకరు. పక్క టేబులు మలయ్ కుటుంబం తినడం మానేసి మమ్మల్నే చూస్తోంది. నవనీత్ ఒకటి రెండుసార్లు నోరు తెరిచి, భద్రయ్య వైపు చూసి, మళ్ళీ ఫోన్‌లో తలదూర్చాడు. మాట్లాడితే ఆయన నొచ్చుకుంటాడని. ఆయన ఆ మాట కోసమే వాడి వైపు చూస్తున్నాడని నాకు కనపడుతోంది. లాగి ఒకటి ఇవ్వాలనిపించింది.

చివరికి గంగాధర్ గారికి విసుగొచ్చి చెయ్యెత్తారు. "ఉండండప్పా, ఎంతసేపు ఇట్ల కొట్లాడేది. ఏం భద్రయ్యా, నువ్వు పది యాడ రాసినావు?"

ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. ఆయన ఊరు వేలేరుపాడు మండలం కాబట్టి పది కూడా అక్కడే అని మేమే అనేసుకున్నాం, వాళ్ళూ అనేసుకున్నారు. భద్రయ్య చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టి, అశ్వారావుపేటల అన్నాడు.

టేబులు మొత్తం ఆయన వైపు తిరిగింది. ఆ రోజుల్లో వాళ్ళ బడికి పరీక్షా కేంద్రం లేదు. పదో తరగతి పిల్లలందరినీ అశ్వారావుపేటకు తీసుకెళ్ళారు. ఒక బియ్యం మిల్లు వసారాలో పడుకున్నారు, పొద్దున లేచి తవుడు దులుపుకుని పరీక్షకు పోయేవారు, లెక్కల పరీక్ష నాడు జ్వరం కూడా వచ్చింది. ఇదంతా ఆయన నేల చూస్తూ చెప్పాడు. అశ్వారావుపేట అప్పుడూ ఖమ్మమే, విభజన తర్వాతా ఖమ్మమే. నిబంధనలో ఉన్నది చదివిన చోటు కాదు, రాసిన చోటు. ఋజువేమిటని గోపీకృష్ణ పక్కన ఎవరో గొణిగారు. గోపీకృష్ణ అతని చెయ్యి పట్టి ఆపాడు. "బావ అబద్ధం చెప్పడు. ఒగ్గేయండి." అభ్యంతరం వెనక్కి తీసుకున్నాడు. ఆ ఒక్క పూటకు నాకు ఆ కుర్రాడు నచ్చాడు.

ముందే చెప్పొచ్చు కదా, ఇంత రాద్ధాంతం తప్పేది కదా అని గంగాధర్ గారు అడిగారు. ఎవరూ అడగలేదండీ అన్నాడు భద్రయ్య. అన్నది గంగాధర్ గారితోనే అయినా చూపు మాత్రం మా కుర్రాళ్ళ మీద ఉంది. పరీక్షా కేంద్రం పుణ్యమా అని గట్టెక్కాలని ఆయనకు లేదు. ఈయన మావాడు అని వాళ్ళ నోట వినాలని కూర్చున్నాడు. వాళ్ళు అనలేదు కాబట్టి తనే బయటపడేసుకున్నాడు. నాకు సగం ఊపిరి వచ్చింది. మిగతా సగం ఇంకా బిగపట్టుకునే ఉన్నాను. ఎందుకంటే లేచి వెళ్తూ నవనీత్, "థాంక్స్ భద్రయ్య గారూ, మీరు ఆడుతున్నారు, అదే చాలు" అని చేతులు జోడించాడు.

ఫైనల్ వన్-నార్త్ దగ్గర అద్దెకు తీసుకున్న మైదానంలో. లలిత రాలేదు. ఎవరు గెలిచినా ఇంట్లో ఒకరు ఏడుస్తారు, నేను రెండు జట్లకూ వండి పెడతాను, అంతే అంది. కూతురు తన్మయిని మాత్రం మాతో పంపింది. పన్నెండేళ్ళ పిల్ల, తెలుగు వింటుంది గానీ ఇంగ్లీషులోనే జవాబిస్తుంది. ఆకాశం పొద్దున్నుంచే నల్లగా ఉంది.

మొదటి సగంలో భద్రయ్య బాగానే ఆడాడు, బాగా ఆడుతున్నంతసేపూ మావాళ్ళు చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆయనకు అలవాటు లేవు, ప్రతిసారీ ఉలిక్కిపడి చూసేవాడు. అప్పుడు గోపీకృష్ణ పెనాల్టీ పెట్టె బయటి నుంచి ఒకటి కొట్టాడు. కొట్టాడనడం కూడా ఎక్కువే, పక్కవాడికి అందించినట్టు నేల మీద దొర్లుతూ వచ్చింది. భద్రయ్య ఒంగాడు, చేతులు చాచాడు, బంతి ఆయన రెండు కాళ్ళ సందులోంచి తాపీగా లోపలికి వెళ్ళిపోయింది. అవతల కేకలు. ఇవతల మా కుర్రాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆయన దగ్గరికి వెళ్ళి భుజం తట్టారు. పర్లేదండీ. ఇట్స్ ఓకే అంకుల్. మీరేం అనుకోకండి. భద్రయ్య వలలోంచి బంతి తీసి ఇస్తుంటే చూశాను. ఓడినవాడి ముఖం కాదది, పరాయి ఇంట్లో గ్లాసు పగలగొట్టిన వాడి ముఖం.

అంతలో సైరన్ మోగింది. ఇక్కడ మెరుపులు దగ్గరికి వస్తే మైదానంలో ఎర్ర దీపం వెలుగుతుంది, ఎంత పెద్ద ఆటైనా ఆపి పైకప్పు కిందికి రావాల్సిందే. రెండు జట్లూ, చూడ్డానికొచ్చినవాళ్ళూ ఒకటే షెడ్డు కిందికి చేరాం. వెంటనే వాన అందుకుంది. భద్రయ్య ఒక మూల గోడకానుకుని, గ్లవ్స్ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన చుట్టూ ఖాళీ వదిలి నిలబడ్డారు మావాళ్ళు. మా ఆయన ఐసు పెట్టె తెరిచి సీసాలు పంచుతున్నారు. నవనీత్ తీసుకోలేదు. షెడ్డు ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతున్నాడు. పళ్ళు కొరుకుతున్నాడు, గోడను తన్నాడు, మళ్ళీ తిరిగాడు. పన్నెండు రోజులో పదిహేను రోజులో లోపల కుక్కుకున్నది ఇక ఆగలేదు. గభాలున భద్రయ్య ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"భద్రన్నా, అసలు నీ కాళ్ళ నడుమ ఏం పెట్టుకున్నవే? లారీ పోతది ఆడికెల్లి. చంటిపోరడు ఆపుతడు ఆ బంతిని. బామ్మర్దని వదిలినవా ఏంది?"

ఇన్ని రోజులూ అందరి నోళ్ళూ మూయించిన మాట అదే, నువ్వు మావాడివి కాదన్నట్టు వినపడేది, ఏ మాట అనకూడదని వాళ్ళు ఒట్టు పెట్టుకున్నారో సరిగ్గా అదే. వాడికి కూడా ఆ సంగతి అన్నాకే తెలిసినట్టుంది, ముఖం పాలిపోయింది. భద్రయ్య మెల్లగా లేచాడు. ఆరడుగుల మనిషి, లేస్తుంటే షెడ్డు నిండినట్టయింది. నేను మధ్యలోకి వెళ్ళబోయాను. ఆయన నవనీత్ చొక్కా భుజం దగ్గర పట్టుకుని, "గిన్ని దినాలు ఈ నోరు ఏడ పెట్టినవ్‌రా?" అన్నాడు. కళ్ళలో నీళ్ళున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది. "ఆనికి మా ఇంట్ల రెండో దోసె పొయ్యాలంటేనే నాకు ప్రాణం పోతది. గోలు ఇస్తనా రా?"

అవతలి గుంపులోంచి గోపీకృష్ణ నిజంగానే కోపం తెచ్చుకుని, వదలడమేంటండీ, నేను కొట్టానండీ, అది కూడా ఆయనకే ఇచ్చేత్తారా అన్నాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో ఆనకట్ట తెగింది. మావాళ్ళంతా ఒక్కసారి మీదపడ్డారు. ఒకడు పోయిన ఏడాది నల్గొండ మీద వదిలింది తీశాడు, ఒకడు మొన్న చంకలోంచి జారింది తీశాడు. బయటికి పోయే బంతికి చేపలా దూకుతవు, మీదికొచ్చింది నీకు కనపడదా అన్నాడు ఇంకొకడు. ఆ టిష్యూ ప్యాకెట్‌ని నిలబెట్టినా నీకంటే నయం అన్నారు. నేను మాత్రం తక్కువ తిన్నానా, నీ మూలంగా నాకు బీపీ వచ్చిందయ్యా అని నా వంతు నేనూ అందించాను. భద్రయ్య ఒక్కొక్కరికీ పేరు పేరునా తిరిగి ఇచ్చాడు. వాన తగ్గేదాకా సాగింది. నా జీవితంలో అంత కమ్మటి తిట్లు నేను వినలేదు, చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. బిగబట్టిన మిగతా సగం ఊపిరి అక్కడ వదిలాను.

దీపం ఆరాక మళ్ళీ ఆడారు. మావాళ్ళు ఒకటి కొట్టి సమం చేశారు. భద్రయ్య ప్రతి బంతి మీదా పడ్డాడు, లోపలికొచ్చే వాటి మీదా, బయటికి పోయే వాటి మీదా, టర్ఫు మీద నిలిచిన నీళ్ళన్నీ ఒంటికి పూసుకుని. చివర్లో పశ్చిమ గోదావరి ఇంకొకటి కొట్టింది. మూలకు కొట్టిన బంతి, ప్రపంచంలో ఎవరూ ఆపలేనిది. అయినా భద్రయ్యను తిట్టారు. ఓడిపోయాం. కప్పు గోపీకృష్ణ ఎత్తుకున్నాడు. గంగాధర్ గారు కప్పు పూర్తయిందప్పా అని ముఖం తుడుచుకున్నారు, ఎవరూ కొట్టుకోకుండా అయినందుకు ఆయన ఆనందం ఆయనది.

బునా విస్టాలో రైలు మారి బెడోక్ దాకా కూడా తిట్లది అదే వరస. తడిసిన గ్లవ్స్ చేత్తో పట్టుకుని నిలబడి అన్నీ వింటున్నాడు భద్రయ్య. తన్మయి తండ్రి ముఖంలోకి చూసి, ఇక్కడి ఇంగ్లీషు యాసలో, "వి లాస్ట్ లా, నాన్నా. వై ఆర్ యు స్మైలింగ్?" అంది. ఆయన పిల్ల నెత్తి మీద చెయ్యేసి నిమిరాడు. అది నా వైపు చూసింది. పెద్దయ్యాక చెప్తాలే అన్నాను.

ఖాళీ ఐసు పెట్టె వాళ్ళది కాబట్టి ఇవ్వడానికి నేను కూడా పైకి వెళ్ళాను. లలిత తలుపు తీసింది. ఇల్లంతా గుత్తివంకాయ వాసన. ఆవిడ మొగుడి ఒంటి మీది బురద చూసింది, ముఖం చూసింది. గెలిచారా అని అడగలేదు. తమ్ముడు గెలిచాడా అనీ అడగలేదు.

"తిట్టారాండి?" అంది.

"తిట్టారు."

"అందరూనా?"

"అందరూ. ఈమెతో సహా." నన్ను చూపించాడు.

లలిత తలుపు చెక్క పట్టుకుని కళ్ళు మూసుకుని, "హమ్మయ్య" అంది. ఆ పైన, స్నానం చేసి రండి, వడ్డిస్తాను అని లోపలికి వెళ్ళింది.